ముగ్గురికీ ఒకటే జవాబు

చిన్నోడు స్నానం చేసి తల తుడుచుకుంటూ ఉండగా అక్క ఫోన్ చేసింది.

"ఏరా, నేను చచ్చిపోయానని అమ్మకి ఎందుకు చెప్పావు?"

"నేనెప్పుడు చెప్పానే?"

"నా ఫోన్ నుంచే వెళ్ళింది. 'ఇప్పుడే ప్రాణం పోయిందమ్మా, కంగారు పడకు' అని. అన్నయ్య ఫోన్ నుంచీ అదే. వాడు నడిపే బస్సుని స్టాండులోనే వదిలేసి బయల్దేరాడు."

చిన్నోడు తన ఫోన్ చూసుకున్నాడు. పావుగంట క్రితం తనూ పోయాడు. తువ్వాలు కిందపడింది.

అమ్మ గురించి తెలిసినవాళ్ళకి ఇదెంత ప్రమాదమో వేరే చెప్పనక్కర్లేదు. మబ్బు కనపడితే పిడుగు పడ్డట్టే లెక్క ఆవిడకి. పిల్లలు ముగ్గురూ ఉన్నది అదే ఊళ్ళో, తలా ఓ వీధిలో. అయినా తెల్లారితే చాలు, ముగ్గురికీ ప్రశ్నలే. లేచావా, తిన్నావా, గ్యాస్ కట్టేశావా, చేరావా. జవాబు కాస్త ఆలస్యమైతే అంతే. ఒకసారి అక్క పళ్ళ డాక్టరు దగ్గర నోరు తెరుచుకుని కూర్చుంటే, పోలీసులు వచ్చి "ఈవిడ బతికే ఉందా?" అని అడిగి వెళ్ళారు.

గుండె డాక్టరు తేల్చి చెప్పేశాడు. "ఆవిడకి నా మాత్రల కన్నా మీ జవాబులే ముఖ్యం. మరోసారి ఇంతలా హడలిపోతే గుండె తట్టుకోదు."

అంత మాట విన్నాక ప్రేమగల పిల్లలు ఏం చెయ్యాలో అదే చేశారు. ఆ బాధ్యత యంత్రానికి అప్పజెప్పారు.

చిన్నోడిది ప్రోగ్రాములు రాసే ఉద్యోగం. అన్నకీ అక్కకీ ఓపిగ్గా వివరించాడు. "మనం ముగ్గురం ప్రోగ్రాములో మూడు క్లాసులు, అంటే తలా ఓ అర అనుకోండి. జవాబులన్నీ ముగ్గురికీ మూడుసార్లు రాయడం దండగ. మాడ్యూల్ అనే ఉమ్మడి అరలో ఒక్కసారి రాసి, దాన్ని మూడు క్లాసుల్లోనూ కలిపేస్తాను. అందులో ఉన్నవన్నీ ముగ్గురికీ వచ్చేస్తాయి. ఎవరికైనా సొంత జవాబు కావాలంటే వాళ్ళ క్లాసులో రాసుకోవచ్చు. అప్పుడు మాడ్యూల్ నోరు మూసుకుంటుంది, సొంతదే వెళ్తుంది."

"అంటే ముగ్గురికీ ఉమ్మడి నోరన్నమాట," అంది అక్క.

"నాకు సొంతది అక్కర్లేదురా. నీదే బావుంది," అన్నాడు అన్న.

అక్కా వద్దంది. కన్నతల్లికి సొంతంగా ఒక్క ముక్క రాసే తీరిక ఎవరికుంది?

అమ్మ మాత్రం మురిసిపోయింది. "నా పిల్లలు బంగారం. అడగ్గానే జవాబిస్తారు," అని పక్కింటావిడకి రోజూ చెప్పేది. ప్రతి జవాబుకీ కాసేపటికి ఒక దీవెన పంపేది. జ్వరంతో మూసిన కన్ను తెరవకుండా పడుకున్న రోజు కూడా ఆవిడ ప్రశ్నలు ఆగలేదు. తల్లి ప్రేమంటే అలాంటిది మరి. అంతకుముందే మనసు కుదుటపడి, లైబ్రరీలో పెద్దవాళ్ళకి చెప్పే కంప్యూటర్ క్లాసులో కూడా చేరింది. "మౌసు పట్టుకోవడానికే ఏడాది పడుతుంది, పోనీ కాలక్షేపం," అని పిల్లలు నవ్వుకున్నారు.

ఈ పొద్దున అన్నకి బుద్ధి పుట్టింది. "ఒరేయ్, ఎప్పుడూ అదే జవాబైతే అమ్మకి అనుమానం రాదూ? నాకు కొంచెం మార్చు."

మార్చాల్సింది అన్న క్లాసులో. కానీ చిన్నోడు ఒక చేత్తో పళ్ళు తోముకుంటూ, ఎదురుగా తెరిచి ఉన్న మాడ్యూల్లోనే కెలికాడు. పనిచేస్తోందో లేదో చూడ్డానికి నోటికొచ్చిన వాక్యం ఒకటి రాశాడు. అలా రాయడం ఆ వృత్తిలో సరదా. రాసినదాన్ని తీసెయ్యడం మర్చిపోవడం కూడా ఆ వృత్తిలో ఉన్నదే. అతను స్నానానికి వెళ్ళాడు. "లేచావా?" అని అమ్మ అడిగింది. మాడ్యూల్ మాట తప్పలేదు, ముగ్గురి తరఫునా జవాబిచ్చేసింది.

అక్క ఫోన్ పెట్టెయ్యగానే చిన్నోడు అమ్మ ఇంటికి బయల్దేరి, దారంతా ఆవిడకి ఫోన్ చేస్తూనే ఉన్నాడు. మోగుతోంది, తియ్యడం లేదు. కీడెంచి మేలెంచమన్నారు. అతని ఆలోచన కీడు దగ్గరే ఆగిపోయింది.

అమ్మ ఇంటి గేటు దగ్గర అక్క కాళ్ళకి చెరో రకం చెప్పు. అన్న ఒంటిమీద డ్రైవరు యూనిఫాం. ఎవరూ లోపలికి అడుగెయ్యలేదు.

"నువ్వు పదరా ముందు. చంపింది నువ్వేగా," అన్నాడు అన్న.

"నువ్వు పెద్దోడివి."

"చచ్చినవాళ్ళలో పెద్దా చిన్నా ఏంటి? ముగ్గురం కలిసే పోదాం," అంది అక్క.

తలుపు ఓరగా తెరిచి ఉంది. ముందు గదిలో అమ్మ కుర్చీలో ఉంది. తల ఒక పక్కకి వాలిపోయింది. చెయ్యి కిందికి వేలాడుతోంది. ఫోన్ ఎక్కడో దూరంగా బల్ల మీద ఉంది.

అక్క మోకాళ్ళ మీద కూలబడి అమ్మ పాదం పట్టుకుంది. వెచ్చగానే ఉంది. మరుక్షణం అమ్మ గట్టిగా గురక పెట్టింది.

ముగ్గురికీ ఊపిరి వచ్చింది.

"మెసేజు చూసుకోలేదు," గుసగుసగా అన్నాడు చిన్నోడు. "గుండె నిబ్బరంగా ఉంది. లేచేలోపు చెరిపేద్దాం."

అన్న మునివేళ్ళ మీద బల్ల వైపు నడిచాడు.

అతని చెయ్యి ఆ ఫోన్‌కి తగలకముందే, హాయిగా గురక పెడుతున్న అమ్మ దగ్గర్నుంచి ముగ్గురి ఫోన్లకీ ఒకేసారి దీవెన వచ్చింది: "చాలా సంతోషం బంగారం, రోజూ ఇలాగే ఉండాలి."