అమ్మకానికి అభయ

“ధార స్టేడియమా? రేపు మన గోల్‌కీపర్ చేతిలోంచి ఒక్క బంతి జారితే చాలు, కుళాయి కారుతోందిరా అని అవతలివాళ్ళు నవ్వరూ?” అన్నాడు బేకరీ ఆయన.

క్లబ్బు హాలంతా గొల్లుమంది. సెక్రటరీకి మాత్రం నవ్వు రాలేదు. ధార కుళాయిల కంపెనీ పదేళ్ళపాటు అభయ స్టేడియానికి తన పేరు పెట్టుకుంటానని ముందుకొచ్చింది. ఆ డబ్బు వస్తేనే ఆడపిల్లల జట్టు నిలుస్తుంది. లేకపోతే ఈ సీజన్‌తో సరి. పాపం, ఆ పిల్లలు ఇప్పటికే చీపుళ్ళూ సున్నం డబ్బాలూ పెట్టే కొట్టుగదిలో బట్టలు మార్చుకుంటున్నారు. సభ్యులు చేతులెత్తి ఒప్పుకుంటే తప్ప ఆవిడ సంతకం పెట్టడానికి లేదు.

“అన్నా, పేరు పోతే పదేళ్ళకి తిరిగొస్తుంది. జట్టు పోతే తెచ్చుకోగలమా?” అంది.

“అభయ అంటే ధైర్యం తల్లీ. మన పెద్దలు ఏరికోరి పెట్టుకున్న పేరు.” బేకరీ ఆయన చొక్కా చెయ్యి పైకి మడిచాడు. “పచ్చబొట్టు కూడా పొడిపించుకున్నా. దీన్ని చెరిపేసి కుళాయి బొమ్మ వేయించుకోమంటావా?”

చప్పట్లు మోగాయి. అంతలో వెనక వరసలోంచి డ్రమ్ము తాత లేచాడు. క్లబ్బు పెట్టిన పెద్దమనిషి కొడుకాయన. ప్రతి మ్యాచ్‌కీ డ్రమ్ము వాయించేదీ ఆయనే. ఆయన మాటకి అక్కడ ఎదురులేదు. మూలిగే నక్క మీద తాటిపండు పడ్డట్టే అనుకుంది సెక్రటరీ.

“అమ్మేయండి,” అన్నాడు తాత.



“నువ్వేనా తాతా ఈ మాటనేది? గేటు మీద ఆ పేరు రాయించింది మీ నాన్నగారే కదా?” అన్నాడు బేకరీ ఆయన.

“అవున్రా, అందుకే చెబుతున్నా. ఆడేవాళ్ళుంటే ఏ పేరైనా వెలుగుతుంది. ఆడేవాళ్ళు లేకపోతే ఆ పేరెందుకు, నాక్కోవడానికా? ఎత్తండి చేతులు.”

ముందు తాత చెయ్యి లేచింది. వెనకే ఒక్కొక్కటిగా మిగతావీ లేచాయి. గొణుక్కుంటూనే బేకరీ ఆయనా చెయ్యెత్తాడు. కబురు తెలిసి బయట మైదానంలో ఆడపిల్లలు ఒకరినొకరు ఎత్తుకుని తిప్పేస్తున్నారు. కిటికీలోంచి చూసిన సెక్రటరీకి కళ్ళు చెమర్చాయి.

తాతని గేటు దాకా సాగనంపుతూ అంది: “సంతోషంగానే ఉంది తాతగారూ. కానీ మీ నాన్నగారు ఎంత ఆశయంతో పెట్టారో ఆ పేరు, నా చేతుల మీదుగా పోతోందనే బాధ మాత్రం ఉంది.”

తాత వెనక్కి తిరిగి చూశాడు. దగ్గర్లో ఎవరూ లేరని రూఢి చేసుకుని గొంతు తగ్గించాడు.

“బాధపడకమ్మా. ఇది నీ కడుపులోనే పెట్టుకో, బేకరీవాడు తట్టుకోలేడు.”

సెక్రటరీ తలూపింది.

“అభయ అంటే, అప్పట్లో ఈ స్టేడియం కట్టించిన కంపెనీవాళ్ళ తామర మందు.”