మందిరానికి కొత్త తాళం

“పగలగొట్టండ్రా!”

సంఘపెద్ద కేకకి ఇద్దరు కుర్రాళ్ళు మళ్ళీ సుత్తి ఎత్తారు. మందిరం ఇనుప తలుపుకి వేలాడుతున్న పిడికిలంత తాళం చెక్కు చెదరలేదు. సుత్తి పిడి మాత్రం విరిగింది.

సంఘపెద్ద జేబులో ఉన్నది పాత తాళంచెవి. ఆ పాత తాళం పక్కన, ఎవరు తగిలించారో ఏమో, ఈ కొత్తది. కాసేపట్లో చల్లారిన భక్తిని రగిలించే ఉజ్జీవ కూటాలు మొదలవ్వాలి. మైకులు, కుర్చీలు, హార్మోనియం లోపల, జనం బయట. ప్రసంగీకుడు రైలు దిగేశాడని ఫోను కూడా వచ్చింది. నెల్లాళ్ళుగా ఉపవాస ప్రార్థనలు నడిపించిన సంఘపెద్దకి తల కొట్టేసినట్టయింది.

“ఇది సైతాను పనే,” అన్నాడు పళ్ళు నూరుతూ.

“సైతాను ఇంత గట్టి తాళం కొంటాడాండీ?” అన్నారెవరో వెనకనించి. ఎవరూ నవ్వలేదు.

“తాళాలాయన్ని పిలిస్తే...” పాస్టరుగారు నసిగారు.

అందరూ నేలచూపులు చూశారు. ఊళ్ళో ఆ పని తెలిసింది ఒక్కడికే. అతను సంఘపెద్ద సొంత తమ్ముడు. పాటల బృందం గొడవలో అన్న నోరు జారిన దగ్గర్నించీ మందిరం ఛాయలకి రాలేదు.

“వాడు తెరిచిన మందిరంలో ఉజ్జీవం రాదు!”

“మూసిన మందిరంలో అసలే రాదు కదండీ,” అన్నారు పాస్టరుగారు.

“వెళ్ళి రండి,” అంది సంఘపెద్ద భార్య విసుగ్గా. “ఇక్కడ నిలబడి అరిస్తే బైబిల్లో యెరికో గోడ కూలినట్టు తలుపు కూలుతుందా ఏంటి?”

దారిలో సంఘపెద్ద బుర్రలో ఏదో తళుక్కుమంది. వాడే! కక్షకొద్దీ వాడే వేసుంటాడు! అడుగులు వడివడిగా పడ్డాయి.

తమ్ముడు దుకాణంలో తాళంచెవిని ఆకురాయితో అరగదీస్తున్నాడు.

“మందిరానికి తాళం వేసింది నువ్వేనా?”

తమ్ముడు తలెత్తాడు. “తాళాలు తీసి బతికేవాణ్ణి అన్నయ్యా, వేసి కాదు.”

తీస్తావా అని అడగడానికి సంఘపెద్దకి అహం అడ్డొచ్చింది. ఆ అవసరమూ రాలేదు. తమ్ముడు అప్పటికే పనిముట్ల సంచి భుజాన వేసుకున్నాడు. వీడు బతిమాలించుకుంటాడని, దానికి నాలుగు ఘాటు జవాబులు సిద్ధం చేసుకొచ్చిన అన్నకి అవన్నీ నోట్లోనే చప్పబడ్డాయి.

తలుపు దగ్గర తమ్ముడు మోకాళ్ళ మీద కూర్చున్నాడు. “కాస్త కదలకుండా పట్టుకో అన్నయ్యా.”

సంఘపెద్ద తాళం పట్టుకున్నాడు. తమ్ముడు సన్నటి ఊచలు రెండు లోపలికి పోనిచ్చి, చెవి ఆనించి, మెల్లిగా తిప్పాడు. టక్కుమంది. జనం అమ్మయ్య అనుకున్నారు.

“ఇక వస్తాను,” అని తమ్ముడు సంచి సర్దుకున్నాడు.

సంఘపెద్ద ఆ సంచి గట్టిగా పట్టుకున్నాడు. “ఎక్కడికిరా? ఆ రోజు తప్పంతా నాది. హృదయాలు సిద్ధం చేసుకోండని నెల్లాళ్ళు అందరి వెంటా పడ్డాను, నాది మాత్రం వదిలేశాను. నన్ను క్షమించరా. లోపలికి రా, మొదటి పాట నువ్వే ఎత్తుకో.”

తమ్ముడి కళ్ళు నిండాయి. “గొంతు తుప్పు పట్టింది అన్నయ్యా.”

“తాళాలకేసే నూనె ఉందిగా, ఓ చుక్క వేసుకో!”

ఆ సాయంత్రం అన్నదమ్ములు పక్కపక్కనే నిలబడి పాడుతుంటే మందిరమంతా కరిగిపోయింది. ఒకరి మొహం ఒకరు చూసుకోని ఇరుగుపొరుగులు లేచి వెళ్ళి చేతులు పట్టుకున్నారు. ప్రసంగీకుడు బైబిలు తెరవబోయి ఆగాడు.

“నేను చెప్పాల్సింది మీరే చేసేశారు. ముందు ఎవరైనా దేవుడు చేసిన మేలు గురించి సాక్ష్యం చెప్పండి.”

సంఘపెద్ద భార్య లేచింది. మరిది గురించి చెబుతుంది కాబోలని సంఘపెద్ద మురిసిపోతూ మైకు అందించాడు.

“సాక్ష్యం కాదండీ, ఒప్పుకోలు,” అందామె గొంతు సవరించుకుని. “ఆ తాళం వేసింది నేనే.”