ఆదివారం పూట లీకు

లోపేతి డిక్కీలోంచి స్క్రూడ్రైవరు తీశాడో లేదో, భార్య లెసియెలి విసనకర్రతో మణికట్టు మీద ఒక్కటిచ్చింది.

"ఇవాళేం వారం?"

"ఆదివారం. నాకు తెలీదా?"

"తెలిసే తీశావా? టోంగాలో పుట్టి, యాభై ఏళ్ళు నెత్తి మీదికొచ్చి, ఆదివారం నడిరోడ్డు మీద మరమ్మతు చేస్తావా? పోలీసులు చూస్తే జరిమానా వేసి వదిలేస్తారు. చర్చివాళ్ళు చూస్తే అంతటితో వదుల్తారా?"

ఆ దేశంలో అదే చట్టం. ఆదివారం దుకాణం తెరవకూడదు, బంతి ఆడకూడదు, మేకు కొట్టకూడదు. పైగా ఇవాళ పక్క ఊరి చర్చిలో అతను మొట్టమొదటిసారి ప్రసంగం చెయ్యాలి. ఆరేళ్ళ ఎదురుచూపు. వెళ్ళకపోతే ఆ ప్రసంగ వేదిక ఇంకెప్పుడూ ఎక్కనివ్వరు. పది గంటలకు గంట కొడతారు. ఇప్పుడు తొమ్మిదింబావు. ఊరు ఇంకా ఏడు కిలోమీటర్లుంది. ఆదివారం బస్సుల్లేవు, టాక్సీల్లేవు. ఇంతకీ ప్రసంగం దేని గురించంటే, విశ్రాంతి దినాన ఏ పనీ చెయ్యరాదని.

ముప్పై రెండేళ్ళ కారు ఆ సంగతి వినిపించుకోలేదు. అరగంట క్రితం బుస్సుమని ఆవిరి కక్కి కొబ్బరితోట పక్కన ఆగిపోయింది. ఇప్పుడిప్పుడే చల్లారుతోంది.

"చూడ్డం పని కాదుగా?" అన్నాడు లోపేతి, బానెట్ ఎత్తి.

"చూడు. వేలు పెట్టావంటే మాత్రం పనే."

చేతులు వెనక్కి కట్టుకుని చూశాడు. రేడియేటరుకు చెమ్మ లేదు. నీళ్ళ పంపు పొడిగానే ఉంది. చర్చికని టోంగా ఆచారం ప్రకారం నడుముకు చుట్టుకున్న అల్లిక చాప వంగనివ్వకపోతే మోకాళ్ళ మీద కూలబడి కింది నుంచి చూశాడు. దొరికింది! ఇంజిన్‌లోకి వెళ్ళే రబ్బరు గొట్టం చివర చీలింది. దాని మీద పచ్చటి చార ఎండి అట్టకట్టింది. కొసన ఒక్కో బొట్టే పడుతోంది.

"బొటనవేలంత ముక్క కోసి, గొట్టం మళ్ళీ ఎక్కించి, క్లిప్పు బిగిస్తే అయిపోతుందే! పది నిమిషాల పని."

"పని అన్నావు, విన్నావా? నీ నోటితో నువ్వే అన్నావు."

అప్పుడే వెనకాల పోలీసు బండి ఆగింది. లోపేతి స్క్రూడ్రైవరును గడ్డిలోకి జారవిడిచాడు. లేవడానికి మాత్రం వ్యవధి చాలలేదు. మోకాళ్ళ మీద ఉన్నవాడు ఉన్నట్టే చేతులు జోడించాడు.

బండిలోంచి కానిస్టేబుల్ ఫిలిపే దిగాడు. ఊళ్ళో ఎదురుపడితే నవ్వే కుర్రాడే. టోపీ పెట్టాడంటే మాత్రం తల్లిని కూడా గుర్తుపట్టడని పేరు.

"ఏం చేస్తున్నారండీ ఇక్కడ?"

"ప్రార్థన."

"బానెట్ ఎత్తా?"

"కారు కోసమే మరి."

ఫిలిపే కారు చుట్టూ ఒక చుట్టు తిరిగాడు. గడ్డిలోకి చూశాడు. లోపేతి జోడించిన చేతులు ఇంకాస్త పైకెత్తాడు.

"సరే, పైకే చెయ్యండి, వింటాను. కళ్ళు మూసుకోండి. కళ్ళు తెరిచి చేసేది ప్రార్థన కాదు."

లోపేతి కళ్ళు గట్టిగా మూసుకున్నాడు. "ప్రభువా, ఈ వాహనాన్ని..." అని మొదలుపెట్టి, కారును, దారిని, పక్క ఊరిని దీవించమని అడిగి, "ఆమే..." అన్నాడు.

"రాజుగార్ని మరిచారు," అంది ఫిలిపే గొంతు.

రాజుగారి కోసం చేశాడు. ఆయన వంశం కోసం చేశాడు. మళ్ళీ "ఆమే..." అన్నాడు.

"ఉత్తరపు దీవులవాళ్ళేం పాపం చేశారు?"

దీవి దీవికీ చేశాడు. కంద పంట కోసం, ఆక్లండ్‌లో ఉన్న మేనల్లుళ్ళ కోసం, జబ్బుపడ్డ పంది కోసం కూడా చేశాడు. ఈ మధ్యలో లెసియెలికి ఏం పూనిందో, కొబ్బరాకులు అదిరేలా కీర్తన ఎత్తుకుంది. ఆ హోరులో తన ప్రార్థన తనకే వినిపించలేదు. ఇక దీవించడానికి ఎవరూ మిగలక, ఒక్క గుక్కలో "ఆమేన్!" అనేసి కళ్ళు తెరిచాడు.

ఫిలిపే చేతులు వెనక్కి పెట్టుకుని నిటారుగా నిలబడి ఉన్నాడు.

"స్టార్టు చేసి చూడండి."

లోపేతి కారెక్కి తాళం తిప్పాడు. ఇంజిన్ అందుకుంది. వేడి ముల్లు మెల్లగా సగానికొచ్చి అక్కడే ఆగింది. దిగి కింద చూశాడు. ఒక్క బొట్టు లేదు.

"లెసియెలీ! ముప్పై ఏళ్ళుగా ప్రార్థిస్తున్నాను, ఇంత తొందరగా జవాబు ఎన్నడూ రాలేదే! విశ్రాంతి దినాన్ని పాటించినవాడికి దేవుడే మెకానిక్! ఇవాళ ప్రసంగంలో చర్చి అంతా వినేట్టు ఇదే చెబుతాను!"

లోపేతి మళ్ళీ సీట్లో కూర్చోగానే ఫిలిపే గబగబా అటూ ఇటూ చూసి, టోపీ తీసి, కిటికీలోకి తలపెట్టాడు.

"ఇది మాత్రం చెప్పకు బాబాయ్, నా ఉద్యోగం పోతుంది. నీళ్ళు నిండా పోశాను, అయినా దారిలో మెల్లగా పో. నువ్వు ఆమేన్ తొందరపడి అనేశావు, క్లిప్పు ఇంకా రెండు చుట్లు తిరగాలి."