కొండతాబేలు

“కొండతాబేలు కథ చెప్పు మా,” కడప నుంచి ఫోన్‌లో అడిగింది కూతురు రిజ్వానా.

బీబీజాన్ నోరు తెరిచేలోపే, సౌదీలోని నజ్రాన్‌లో నాలుగేళ్లుగా ఆమె పెంచుతున్న యజమాని బిడ్డ నూరా ఒళ్లోంచి అందుకుంది. “నాకొచ్చు! అది సముద్రమంతా తాగి ఇసుకలోకి నడుస్తాది. అడుగేసిన చోటల్లా ఊట పుడతాది. ఆ నీళ్లతోనే ఖర్జూరం చెట్లు, ఒంటెలు, మనుషులు బతికేది!”

అచ్చం కడప యాసే. బీబీజాన్ మురిసిపోయింది. “విన్యావా, ఎంత బాగా చెప్పిందో!”

అవతలి నుంచి రిజ్వానా అడిగింది.

“మా, నాకు చెప్పినప్పుడు దానికో బిడ్డ ఉండె కదా. అమ్మ కోసరం ఒడ్డునే కాచుకోనుంటాది. ఆ పాపకు చెప్పలేదా?”

అక్కడికొచ్చేసరికి కథ ఆగిపోతోందని, ఆ ముక్కను బీబీజాన్ ఎప్పుడో కథలోంచి తీసేసింది.

నూరా తలెత్తి ఆమె మొహంలోకి చూసింది.

“దానికి బిడ్డ ఉండాదా?”