చంటిపాదం గుమ్మం

బందరులో ఏ గుమ్మం ముందు నిలబడినా కళ్ళజోడే దాని కథ చెబుతున్న రోజులవి. మంగతాయారు ఇంటికి అది చెప్పే కథేమిటంటే, అక్కడి చంటిబిడ్డ పాదం తాకితే రోగాలు పోతాయని.

"ఒక్కసారి తాకనివ్వమ్మా, చాలా దూరం నుంచొచ్చాం."

"మీ రోగాలన్నీ నా పిల్లకి అంటించి పోతారా? మూడు రోజులుగా జలుబుతో పాలే తాగడం లేదు!"

తాయారు జోళ్ళకి కథలెక్కించే ఆఫీసుకి పోయి దులిపేసింది.

"జనాన్ని రప్పిస్తున్న కథ తీసెయ్యలేం. కావాలంటే మీరే ఓ ముక్క కలుపుకోండి," అన్నాడు గుమాస్తా.

మండిపోయి కలిపింది: తల్లి తప్ప ఎవరు ముట్టుకున్నా చేతులు పడిపోతాయని.

మర్నాడు జనం వీధి అవతలే నిలబడి దణ్ణాలు పెట్టారు. తాయారు హమ్మయ్య అనుకుంది. కానీ రోజూ పిల్లకి నీళ్ళు పోసే సైదమ్మ కూడా గడప దాటలేదు. ముసలామె చూపు కోసం పెట్టుకునేదీ ఆ జోడే.

"అది నేనల్లిన అబద్ధం సైదమ్మత్తా!"

"అంతేలేమ్మా. కానీ ఈ చేతులు పడిపోతే నాకెవరు పెడతారు?"

ఊరినీ, ఆఫీసునీ, తన నోటినీ తిట్టుకుంటూ, ఏనాడూ పిల్లకి నీళ్ళు పోసి ఎరగని తాయారు వాకిట్లో పీట మీద కూర్చుని కాళ్ళు చాపింది. వీధి అవతల కళ్ళజోళ్ళన్నీ ఆమె చేతులకేసే చూస్తున్నాయి.