అన్నప్రాశన పీట ముందు

పాప అన్నప్రాశన కోసం కిరీటి భోజనాల బల్ల మీదే ఓ చిట్టి పిస్తోలు బిగించాడు. కాకినాడలో ఇప్పుడు ఇంటింటా అదే పని. విడిభాగాలు కొరియర్‌లో వస్తాయి, ఎవరి చేతికి తగ్గట్టు వాళ్లు బిగించుకుంటారు. పుస్తకం, బంగారం, పువ్వుల పక్కన, వెనకటికి కత్తి పెట్టే చోట, తూటాల్లేని ఆ పిస్తోలుకి బొట్టు పెట్టి ఉంచాడు.

అతని భార్య ప్రమీల పాపని చాప మీద వదిలి, పుస్తకం పట్టుకోవాలని లోలోపలే మొక్కుకుంది. పాప తిన్నగా పాకి పుస్తకమే పట్టుకుంది.

ఎవరూ చప్పట్లు కొట్టలేదు.

"పుస్తకం పట్టుకుందేంటమ్మాయ్," అంది అత్తగారు కళ్లొత్తుకుంటూ. "రేపు బడికెళ్లిన పిల్ల ప్రాణాలతో తిరిగి ఇంటికి రావద్దా?"

ప్రమీల వంగి, పాప వేళ్లు ఒక్కొక్కటే విడదీసి పుస్తకం తీసేసింది. పిస్తోలు పిడి ఆ చేతికి సరిగ్గా సరిపోయింది.