రెండో షిఫ్టు పిస్సులు

"రెండు వారాలు చూస్తాను సింహాద్రీ. ఆ తరువాత నీ కుక్క ఈ వీధిలో ఉండకూడదు."

పక్కింటి లలితాంబ గేటు బయటే నిలబడి చెప్పింది. లోపల అడుగు పెడితే పిస్సులు కాళ్లకు ఎక్కుతాయని భయం. కుక్కల ఒంటి మీద దూకే ఆ పురుగుల్ని భిలాయిలో తెలుగువాళ్లు కూడా పిస్సులనే అంటారు. సింహాద్రి కుక్క షేరూకు అవి పట్టి నెల దాటింది. ఇప్పుడు గోడ దూకి తమ పరుపుల్లోకి కూడా చేరాయని లలితాంబ గోల.

"ఈయన వీపు చూడు, పొట్ట చూడు, ఎలా దద్దుర్లు లేచాయో," అంటూ వెనకున్న భర్త చొక్కా ఎత్తబోయింది. భుజంగరావు ఆమె చెయ్యి తోసేశాడు.

భుజంగరావు రిటైరయ్యే దాకా స్టీలు ప్లాంటు రోలింగ్ మిల్లులో సింహాద్రికి పై అధికారి. కంట్రోల్ రూమ్ మెట్ల మీద ఊరకుక్క పడుకుందని షిఫ్టు మొత్తానికి మెమోలు ఇచ్చిన మనిషి. ఇప్పటికీ కుక్కల్ని తరమడానికి కర్ర లేనిదే వాకింగ్‌కు బయలుదేరడు. ఆయన ముందు సింహాద్రికి చేతులు వాటంతటవే కట్టుకుంటాయి.

"డూటీకెళ్లినప్పుడు గొలుసేసి కట్టేత్తాను సార్."

"కట్టావంటే మధ్యాహ్నమంతా మొరుగుతుంది. నా నిద్ర ఏం కావాలి?" భుజంగరావు కసిరాడు. "గొలుసూ వద్దు, గిలుసూ వద్దు. నీ ఏరియా నువ్వు శుభ్రంగా ఉంచుకో, చాలు."

మిల్లులోనూ ఆయనది అదే పాట. ఎవరి ఏరియా వాళ్లది.

నిజానికి ఒక్క మాత్రతో వదిలే పీడే అది. పవర్ హౌస్ బజారులో మందుల షాపువాడు అట్టపెట్టె తీసి చూపించాడు కూడా. కానీ షేరూకు మూర్ఛ జబ్బు. రెండు పూటలా బిళ్ల పడితేనే మనిషిలా, అదే, కుక్కలా తిరుగుతుంది. ఎందుకైనా మంచిదని సింహాద్రి దాన్ని ఆటోలో ఎక్కించుకుని దుర్గ్‌లో పశువుల డాక్టరు కిరణ్మయి దగ్గరికి తీసుకెళ్లాడు. మాత్ర పేరు వినగానే ఆమె తల అడ్డంగా ఊపింది. ఆ రకం మాత్రలు మూర్ఛ ఉన్న కుక్కలకు మళ్లీ మూర్ఛ తెప్పించవచ్చు. తనను అడగకుండా స్ప్రేలు, పౌడర్లు కూడా వద్దంది. పేల దువ్వెనతో రోజూ దువ్వి సబ్బునీళ్లలో ముంచమంది. పక్కగుడ్డలు మరిగే నీళ్లలో వెయ్యమంది.

"కుక్క మీద కనిపించేవి కొన్నే. మిగతావన్నీ, గుడ్లతో సహా, అది పడుకునే చోట ఉంటాయి. ఎక్కడెక్కడ పడుకుంటుందో అన్ని చోట్లా శుభ్రం చెయ్యాలి."

"ఎక్కడెక్కడేటమ్మా. మా వరండాలో గోనె మీద తప్ప ఇంకెక్కడా తొంగోదు."

భార్య కుసుమ కూతురి పురిటికని చీపురుపల్లి వెళ్లి రెండు నెలలైంది. ఇల్లంతా సింహాద్రి చేతి మీదే. గోనె ఉడకబెట్టాడు. వరండా పగుళ్లలో దుమ్ము పుల్లతో గీకి తీశాడు. రోజూ పొద్దున్నో సాయంత్రమో షేరూను కాళ్ల మధ్య ఇరికించుకుని దువ్వాడు. దొరికిన పిస్సుల్ని లెక్కపెట్టి, మిల్లులో బ్రేక్‌డౌన్ రాసినట్టు పాత రిజిస్టరులో రాశాడు.

మొదటి వారం అతనిది పొద్దుటి డ్యూటీ. ముప్పై ఒకటి కాస్తా నాలుగుకు దిగాయి. గెలిచాననుకున్నాడు. రెండో వారం రెండో షిఫ్టు, అంటే మధ్యాహ్నం డ్యూటీ పడింది. నాలుగు పదకొండు అయ్యాయి, పదకొండు ఇరవై ఆరు అయ్యాయి.

అన్నం సయించలేదు. డ్యూటీలో నిలబడితే కాలు నిలవదు, ఇంటికొస్తే కూర్చోబుద్ధి కాదు. లలితాంబ మళ్లీ గేటు దగ్గరికొచ్చి ఆ మాత్రేదో వేసి పారేయరాదా అని నిలదీసింది. భుజంగరావే అడ్డుపడ్డాడు. దానికి ఏమైనా అయితే ఆ పాపం మన మెడకు చుట్టుకుంటుందని పెళ్లాం మీద విసుక్కున్నాడు. సాయం చేసే నోరు కాదది. అయినా సింహాద్రికి ఆ మాట చల్లగా తగిలింది.

శుక్రవారం పొద్దున్న ఓపిక చచ్చి మాత్ర కొన్నాడు. రొట్టెముక్కలో పెట్టి షేరూ నోటి దాకా తెచ్చాడు. అది నమ్మకంగా నోరు తెరిచింది. అంతే, చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. రొట్టెతో సహా మాత్రను మరుగుదొడ్లో పడేసి నీళ్లు కొట్టాడు. దాన్ని నా చేత్తో చంపుకోలేను అని పైకే అనేశాడు.

అప్పుడు రిజిస్టరు మళ్లీ తెరిచాడు. అంకెలు అబద్ధం చెప్పవు. ఏం జరిగినా తాను మధ్యాహ్నం ఇంట్లో లేనప్పుడే జరుగుతోంది.

శనివారం సింహాద్రి ఎప్పటిలాగే షేరూను పెరట్లో వదిలి డ్యూటీకి వెళ్లాడు. తోటివాడు యుగంధర్‌ను తన చోట నిలబెట్టి మూడు గంటలకల్లా తిరిగొచ్చాడు. వీధి మొదట్లోనే స్కూటర్ ఆపి నెట్టుకుంటూ వచ్చాడు.

పెరట్లో షేరూ లేదు. వరండాలో గోనె ఖాళీ. చిన్నగా పిలిచాడు, పలకలేదు. మూర్ఛ వచ్చి ఏ కాలువలో పడిందోనని భయపడ్డాడు. మొక్కల వెనక వెతికితే పెరటి గోడలో ఇటుకలు రాలిన సందు కనిపించింది. సందు అంచుకు గోధుమరంగు వెంట్రుకలు.

గోడకవతల పక్కింటి వెనక తలుపు ఓరగా తీసి ఉంది. ఈ వేళప్పుడు లలితాంబ రోజూ భజనకు వెళుతుంది. ఇంట్లో ఉండేది భుజంగరావు, ఆయన కర్ర. సింహాద్రి గోడ దూకాడు. చెప్పులు అక్కడే వదిలి, ఊపిరి బిగపట్టి పడకగది కిటికీలోంచి లోపలికి చూశాడు.

షేరూ కాళ్లు బార్లా చాపుకుని పరుపు మీద పడుకుని ఉంది, దాని తల భుజంగరావు చొక్కా లేని పొట్ట మీద ఉంది, ఆయన చెయ్యి దాని మెడ చుట్టూ ఉంది, ఇద్దరూ ఒకే తీరున గుర్రు పెడుతున్నారు.